ఒక ట్రంకు పెట్టె కోసమైనా 'తమస్' చూడాలి

'తమస్' అనే హిందీ సీరియల్ మొదటి సీను చూడటం కష్టం. తోలు పని చేసుకొని బతికే నత్థూ (ఓం పురి) ఒక పాకలో పందిని చంపడానికి రాత్రంతా అవస్థ పడుతుంటాడు. అలవాటు లేని పని. పశువుల డాక్టరుకు కావాలని చెప్పి కాంట్రాక్టరు డబ్బు చేతిలో పెట్టాడు కాబట్టి ఒప్పుకున్నాడు. తెల్లారేసరికి ఆ కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది.

1988లో దూరదర్శన్‌లో వచ్చిన ఈ సీరియల్‌ని ఇప్పుడు చూడమని ఎందుకు అడుగుతున్నానంటే, దేశ విభజన కథల్లో చాలావరకు అల్లర్లు తుపానులా వచ్చిపడతాయి, తప్పు ఎవరిదో తెలీదు. ఇందులో అలా కాదు. డబ్బిచ్చి చేయించినవాడు కనిపిస్తాడు, ఆపగలిగి కూడా ఆపని ఇంగ్లీషు డిప్యూటీ కమిషనర్ (మన కలెక్టరు లాంటివాడు) కూడా కనిపిస్తాడు. ఊరి పెద్దలు వెళ్లి బతిమాలితే, నా చేతిలో ఏముంది, మీ నాయకుల్నే అడగండి అన్నట్టు మాట్లాడతాడు.

గోవింద్ నిహలానీ దీన్ని భీష్మ సాహ్ని నవల ఆధారంగా తీశారు. సాహ్నిది రావల్పిండి, 1947 మార్చిలో అక్కడ జరిగిన అల్లర్లను దగ్గర నుంచి చూసిన మనిషి. ప్రసారం ఆపమని కొందరు కోర్టుకెక్కితే బాంబే హైకోర్టు జడ్జీలు మొత్తం చూసి మరీ ఆపక్కర్లేదన్నారు, తర్వాత సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. ఇలాంటి వాటిని పిరికివాళ్ల కళ్లతో కాదు, నిబ్బరం ఉన్న మామూలు మనిషి కళ్లతో చూడాలన్నది ఆ తీర్పు సారాంశం. నాకైతే అది ఇవాళ్టికీ కావాల్సిన మాట.

ఇక నేను మళ్లీ మళ్లీ చూసేది రాజో ఇంటి ఘట్టం. 'చిన్నారి పెళ్లికూతురు'లో బామ్మగా మన ఇళ్లన్నిటికీ తెలిసిన సురేఖా సిక్రీయే ఈ రాజో, ఒక ముస్లిం ఇల్లాలు. టీకొట్టు వదిలేసి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చిన ముసలి సిక్కు దంపతులకు ఆమె చోటిస్తుంది. ఆమె ఇంట్లో మగవాళ్లు బయట లూటీకి వెళ్లారు, ఒక ట్రంకు పెట్టె తెచ్చి తాళం పగలగొట్టబోతారు. ఆ పెట్టె ఈ దంపతులదే. పగలగొట్టొద్దు నాయనా, ఇదిగో తాళంచెవి అంటాడు ఆ ముసలాయన హర్నామ్ సింగ్. ఆ పాత్ర వేసింది స్వయంగా భీష్మ సాహ్ని! తన ఊరి కథ రాసిన మనిషే ఆ తాళంచెవి ఇస్తుంటే చూడటం మామూలుగా ఉండదు. రాజో పాత్రకు సురేఖా సిక్రీకి జాతీయ అవార్డు వచ్చింది.

లోపాలు లేవని కాదు. డిప్యూటీ కమిషనర్ బంగళాలో భార్యాభర్తల సీన్లు సాగదీసినట్టుంటాయి, మాటలు పుస్తకంలోంచి చదివినట్టు వినిపిస్తాయి. నడక నెమ్మది. మొత్తం దాదాపు ఐదు గంటలు.

మనకూ 1948 నాటి హైదరాబాద్ ఉంది. రజాకార్ల కాలం, పోలీసు చర్య, ఆ తర్వాత పల్లెల్లో జరిగిన హత్యలు, ఇవన్నీ ఇంకా కొన్ని ఇళ్లలో గుసగుసగానే మిగిలాయి. ఏ పక్షాన్నీ వెనకేసుకురాకుండా ఇంత ఓపిగ్గా ఆ కాలాన్ని చూపించిన తెలుగు సీరియల్ నేనింతవరకు చూడలేదు, చూడాలని మాత్రం చాలా ఉంది.

తమస్‌ని ఒకే రాత్రి చూడకండి, మూడు నాలుగు రోజులు పెట్టుకోండి. హిందీ అంతగా రాకపోతే సబ్‌టైటిల్స్ ఉన్నది వెతుక్కోండి. మొదటి సీను దగ్గర ఆపేయాలనిపిస్తే, ఆ ట్రంకు పెట్టె వచ్చేదాకా ఓపిక పట్టండి.