సవరణ: కలర్ కోడ్ ఒక్కటే సరిపోదు

నా సెకండ్ హ్యాండ్ సిల్వర్ కారు గురించి మొన్న రాస్తూ, ఒక భాగానికి మళ్లీ రంగు వేయించేటప్పుడు డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న కలర్ కోడ్ చెబితే రంగు అచ్చం కలిసిపోతుందన్నాను కదా, అది తప్పు. ఆటోనగర్‌లో ఆ కోడ్‌తోనే ఎడమ ఫెండర్‌కు (ముందు చక్రం పైనుండే రేకు భాగం) రంగు వేయించాను, షెడ్డులో బాగానే ఉంది, బెంజి సర్కిల్ దగ్గర ఎండలో చూస్తే ఫెండర్ ఒక కారుది, డోర్ ఇంకో కారుది అన్నట్టుంది. కోడ్ చెప్పేది ఫ్యాక్టరీ రంగు, బెజవాడ ఎండకు ఏళ్లపాటు వెలిసిన రంగు కాదు. పైగా మెటాలిక్ రంగుల్లో (మెరిసే లోహపు రేణువులు కలిసినవి) స్ప్రే గన్ ప్రెషర్ మారినా షేడ్ మారిపోతుంది. ముందుగా పక్కనున్న ప్యానెల్‌ను, అంటే నా కారులో డోర్‌ను, పాలిష్ చేయించి, కొత్త రంగును రేకు ముక్క మీద కొట్టించి ఎండలో పక్కనపెట్టి చూడండి. కొత్త రంగును డోర్ మీదకి కాస్త పల్చగా లాగి, డోర్ మొత్తానికీ క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పొర) వేయించాలి. ఖర్చు పెరుగుతుంది, తప్పదు.