రావిశాస్త్రి నవలలకు కోర్టు ఏమిచ్చింది?

రావిశాస్త్రిగా పేరుపడ్డ రాచకొండ విశ్వనాథశాస్త్రిని తెలుగువాళ్లు కథకుడిగానే ఎక్కువ తలుచుకుంటారు. ‘ఆరు సారా కథలు’ అంత గట్టి ముద్ర వేశాయి. నవలాకారుడిగా ఆయన ఎంత దూరం నడిచారన్నది మాత్రం, ఆయన బతికిన విశాఖపట్నంలో కూడా పెద్దగా చర్చకు రాదు. వర్ధంతి సభలో దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోతాం.

1922లో శ్రీకాకుళంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, మద్రాసులో లా చదివి విశాఖలో ప్లీడరయ్యారు. తొలి నవల ‘అల్పజీవి’ 1950ల నాటిది. అందులో గుమాస్తా సుబ్బయ్యకు ఆఫీసులో భయం, ఇంట్లో భయం, కంట్రాక్టరు గవరయ్య ఎదుట మరీ భయం. నవలంతా ఆ భయం లోపలే తిరుగుతుంది. మనసులో సాగే ఆలోచనల ప్రవాహాన్నే కథనంగా మలిచే చైతన్యస్రవంతి శిల్పం గురించి మాట్లాడేటప్పుడు విమర్శకులు దీన్ని ముందు వరుసలో నిలబెట్టేది అందుకే. నాకైతే అది తత్వశాస్త్ర విద్యార్థి రాసిన నవలగానే కనిపిస్తుంది. సుబ్బయ్య మనసు తెలిసినంతగా అతని ఊరు మనకు తెలియదు.

ఆ ఊరిని కోర్టు చూపించింది. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో దొరికినవాళ్లు, పట్టుకున్న పోలీసులు, అబద్ధపు సాక్షులు, ఫీజు బేరాలు రోజూ ఆయన కళ్లెదుటే. సారా కథల్లో ఒకటైన ‘మాయ’లో కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ మాట్లాడుతుంటే, చట్టం చదువుకున్న కుర్ర ప్లీడరు నోరు మూసుకుని వినాల్సి వస్తుంది. ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’ నవలల్లో ఈ తలకిందుల లోకమే విస్తరించింది. భయపడే మనిషి దగ్గర మొదలైన రచయిత, భయపెట్టి బతికే వ్యవస్థ దగ్గరికి చేరారు.

‘రత్తాలు-రాంబాబు’ పూర్తి కాలేదు. అది లోపమే, ఒప్పుకుందాం. ఉపమానాల మీద ఉపమానాలు పేర్చే ఆయన వాక్యం కథలో మెరుస్తుంది, నవలలో నడకకు అడ్డం పడుతుంది. అయితే ఒక కేసు తేలేలోగా మరో నలుగురు బోనెక్కే చోట జీవితం గడిపినవారికి, చక్కగా ముడిపడే ముగింపుల మీద నమ్మకం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

రాజకీయాలు ఆయన రచనను పాడుచేశాయనే వాదన ఒకటి ఉంది. ఈ వాదన చేసేవారు కాలక్రమం చూసుకోరు. ఆయన చేరిన విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది 1970లో. సారా కథలు అంతకు ముందే వచ్చాయి. ఆయన పక్షం ఎవరిదో కోర్టు వరండాలోనే తేలిపోయింది. సంఘం, ఎమర్జెన్సీ జైలు ఆ తర్వాతి సంగతులు.