శిక్షకు గడువుంది, రికార్డుకు లేదు

అమెరికాలో ఏడాదికి మించి జైలు పడే వీలున్న నేరాన్ని సాధారణంగా ఫెలనీ అంటారు. హత్యే కానక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో డ్రగ్స్ దగ్గర పెట్టుకోవడం, ఒక మొత్తం దాటిన దొంగతనం కూడా ఫెలనీలే. 2010 నాటికి ఆ దేశంలో ఫెలనీ శిక్ష పడినవాళ్లు దాదాపు 1.9 కోట్ల మంది అని పరిశోధకుల అంచనా. పెద్దవాళ్లలో వంద మందికి ఎనిమిది మంది.

ఏడేళ్లు గడిస్తే నేర రికార్డు పోతుందని చాలామంది నమ్మకం. పోదు. ఫెడరల్ చట్టంలోని ఏడేళ్ల హద్దు శిక్ష దాకా వెళ్లని అరెస్టులకు. శిక్ష పడిన కేసును బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు ఎన్నేళ్లయినా చూపొచ్చు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలే దానికీ హద్దు పెట్టాయి.

దీని దెబ్బ ముందు ఉద్యోగం మీద పడుతుంది. మిల్వాకీలో డేవా పేజర్ అనే సోషియాలజిస్ట్ ఒకే రకం అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు పంపి చూశారు. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం రికార్డు లేని తెల్లవాళ్లలో 34 శాతానికి పిలుపు వస్తే, రికార్డు ఉందన్నవాళ్లలో 17 శాతానికే వచ్చింది. నల్లవాళ్లలో అది 14 నుంచి 5కి పడిపోయింది. అంటే ఏ నేరమూ చేయని నల్లవాడి కంటే జైలుకెళ్లొచ్చానన్న తెల్లవాడికే ఎక్కువ పిలుపులు!

రికార్డు బయటివాళ్లకు కనబడకుండా మూయించుకునే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. కానీ మిషిగన్‌లో అర్హులైనవాళ్లలో ఐదేళ్లలోపు ఆ పని చేయించుకున్నది 6.5 శాతమే. ఫారాలు, ఫీజులు, వేలిముద్రలు, కోర్టు వాయిదాలు. రోజుకూలీ మీద బతికే మనిషి ఇవన్నీ ఎలా దాటాలి? దాటినవాళ్ల సంపాదన మాత్రం ఏడాది తిరిగేసరికి 20 శాతానికి పైగా పెరిగింది. అందుకే దరఖాస్తు లేకుండా రికార్డు దానంతటదే మూసుకుపోయే పద్ధతి ఒక్కటే న్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2018లో పెన్సిల్వేనియా ఆ దారి తీసింది. మిషిగన్ 2023 నుంచి పదేళ్లు గడిచిన కొన్ని ఫెలనీలకూ దాన్ని వర్తింపజేస్తోంది. పదేళ్లు కూడా ఎక్కువే. మళ్లీ తప్పు చేయకుండా ఆరేడేళ్లు గడిపిన మనిషి నేరం చేసే అవకాశం మిగతావాళ్లకు దాదాపు సమానమని 2006 నాటికే పరిశోధనలు చెప్పాయి.

ఈ ఊరట కూడా వలస వచ్చినవాళ్లకు అందదు. రాష్ట్రం మూసేసిన కేసును ఇమిగ్రేషన్ చట్టం చాలావరకు శిక్షగానే చూస్తుంది. దొంగతనం కేసులో ఏడాది జైలు వేసి, దాన్ని అమలు చేయకుండా వదిలేసినా సరే, 1996 సవరణల తర్వాత అది ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో తీవ్ర నేరం, అంటే 'అగ్రవేటెడ్ ఫెలనీ' అవుతుంది. రాష్ట్రం దాన్ని చిన్న నేరంగానే లెక్కేసినా ఇంతే. గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయొచ్చు. షాపుల్లో దొంగతనం కేసుల్లో మన విద్యార్థులు పట్టుబడ్డ వార్తలు చూస్తున్నాం. జైలు లేదు కదా అని, నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడే ప్లీ డీల్‌ మీద సంతకం చేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. విదేశీ పౌరుడు నేరం ఒప్పుకుంటే దేశబహిష్కరణ ముప్పు ఉందని డిఫెన్స్ లాయర్ చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో పాడిల్లా కేసులో తేల్చింది. రాష్ట్రం మూసిన రికార్డును ఇమిగ్రేషన్ అధికారులూ మూసినట్టే చూడాలంటే మాత్రం చట్టం మార్చాల్సింది అమెరికా పార్లమెంటైన కాంగ్రెసే.