ట్రూత్ ఇన్ కాలర్ ఐడీ చట్టం గారికి ఒక విన్నపం

ఫోన్ చేసేవాళ్లు అవతలివాళ్ల తెర మీద దొంగ నంబరు చూపించి మోసం చేయకూడదనే మహారాజశ్రీ అమెరికా వారి ‘ట్రూత్ ఇన్ కాలర్ ఐడీ యాక్ట్, 2009’ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా ఫోన్లకే కాస్త నలతగా ఉంది.

మొదట ఒక సందేహం. మీ పేరులో 2009 అని ఉంది. అధ్యక్షుడు సంతకం పెట్టిందేమో 2010 డిసెంబరు 22న. పైకి ఒక నంబరు, లోపల ఇంకో నంబరు కూడదని చెప్పడానికి పుట్టిన మీరే ఇలా చేస్తే ఎలాగండీ? సరే, మోసగించే ఉద్దేశం లేదు కాబట్టి మీకు శిక్ష పడదు. మోసం చేయాలనో, హాని చేయాలనో, అక్రమంగా ఏదైనా కాజేయాలనో అనుకుంటేనే తప్పుడు నంబరు చూపించడం నేరమని మీరే అన్నారు కదా. అందులో న్యాయం లేకపోలేదు. డాక్టరు తన సెల్ నుంచి ఫోన్ చేసి క్లినిక్ నంబరు చూపిస్తే తప్పేముంది? కానీ లక్షల కాల్స్ వదిలే మెషీను మనసులో ఏముందో ఎవరు కనిపెట్టాలి?

మీకన్నా ముందే, 2004 జనవరి నుంచే, టెలిమార్కెటర్ తన నంబరుగానీ, ఎవరి సరుకు అమ్ముతున్నాడో వాళ్ల నంబరుగానీ చూపించాలని అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ రూలుంది. మోసగాళ్లు మాత్రం మా నంబరులోని మొదటి ఆరు అంకెలతోనే మొదలయ్యే దొంగ నంబరు చూపిస్తారు. ఊళ్లోవాళ్లేమోనని ఎత్తుతాం. తర్వాత ఆ నంబరు అసలు యజమానికి ఫోన్ చేసి తిడతాం. పాపం, ఆయన జన్మలో ఎవరికీ ఏదీ అమ్మి ఉండడు.

జరిమానాలు మాత్రం ఘనంగా వేస్తారు. ఒక్కో ఉల్లంఘనకి 10,000 డాలర్ల దాకా వేయొచ్చట. మూడు నెలల్లో 9.6 కోట్లకు పైగా కాల్స్ చేయించిన ఫ్లోరిడా ఆసామికి 2018లో అక్కడి ఫోన్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 12 కోట్ల డాలర్లు వేసింది. లెక్కేస్తే కాల్‌కి డాలరున్నర కూడా రాదు. హోల్‌సేల్ రేటన్నమాట.

2021 జూన్ 30 కల్లా పెద్ద ఫోన్ కంపెనీలు ప్రతి కాల్‌కీ డిజిటల్ సంతకం పెట్టాలన్నారు. బాగుంది. అయితే అది ఇంటర్నెట్ పద్ధతి నెట్‌వర్కుల్లోనే పనిచేస్తుంది. మధ్యలో పాతకాలపు లైను తగిలిందా, సంతకం అక్కడే రాలిపోతుంది. రాలకపోయినా, నంబరు అసలుదో కాదో చెబుతుందిగానీ మనిషి సంగతి చెప్పదు.

చివరగా చిన్న మనవి. 2015 నుంచి రోబోకాల్ (మెషీను చేసే కాల్), టెలిమార్కెటింగ్ నిబంధనలు మీరినవాళ్లకి ఎఫ్‌సీసీ వేసిన జరిమానాలు 20.8 కోట్ల డాలర్లనీ, వసూలైంది 6,790 డాలర్లేననీ 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ 6,790 కట్టిందెవరో కాస్త కనుక్కుని చెప్పండి. అంత బుద్ధిమంతులు ఈ వ్యాపారంలోకి ఎలా వచ్చారో అడగాలని ఉంది.

ఇట్లు,
తెలియని నంబరు ఎత్తని మీ విధేయుడు