చచ్చిన డేటాకు ప్రాణం పోసిన రిపేరు గారికి

ఒకే డేటాను పలు సర్వర్లలో దాచే కసాండ్రా డేటాబేస్‌లో, ఆ కాపీల మధ్య తేడాలు సరిచేసే మహారాజశ్రీ రిపేరు గారి దివ్య సముఖానికి,

ఈ మధ్యాహ్నం తమరు నిర్విఘ్నంగా పూర్తయ్యారు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. అభినందిద్దామనుకునే లోపే ఫోను మోగింది. ఖాతా తీసేయమని కోరి, తీసేశామని మా చేత రాతపూర్వకంగా చెప్పించుకున్న ఒక పెద్దమనిషికి మా నుంచి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్లాయట.

తమరికి తెలియనిది కాదు. ఆయన ఖాతా ఉన్న వరుసను తీసేసిన వేళకు, దాని మూడు కాపీల్లో ఒకటి దాచిన మూడో నోడ్ (సర్వర్) పడిపోయి 3 గంటలు దాటింది, కాబట్టి దాని కోసం హింట్లు, అంటే అది లేచాక అందించాల్సిన కబుర్లు, దాచడం కూడా ఆగిపోయింది. ఇక ఆ కబురు చేరవేసే బాధ్యత తమరిదే. ‘ఇది తీసేశాం’ అని గుర్తుగా మిగిలే టూంబ్‌స్టోన్ పాపం 8,64,000 సెకన్లు, అంటే 10 రోజులు, కాచుకుని కూర్చుంది. ఆ 10 రోజులూ తమరు బయలుదేరడం, స్ట్రీమింగ్ మధ్యలో నిలిచిపోవడం, ఉన్నారో పోయారో చెప్పకపోవడం. గడువు తీరింది. మిగతా రెండు నోడ్లలో పాత ఫైళ్లను కలిపి శుభ్రం చేసే కంపాక్షన్ వచ్చి టూంబ్‌స్టోన్‌ను ఊడ్చేసింది. సరిగ్గా అప్పుడు తమరికి ఓపిక వచ్చింది!

వచ్చి చూస్తే రెండు చోట్ల వరుస లేదు, ఒకచోట ఉంది. అయ్యో, వీళ్లకు అందలేదే అని జాలిపడి ఆ రెంటికీ పంచిపెట్టారు. మేము ఏది రాయాలన్నా కోరం, అంటే సగానికి మించిన నోడ్ల ఒప్పుకోలు, కావాలి. చచ్చినదాన్ని లేపడానికి మాత్రం తమరికి ఒక్క నోడ్ సాక్ష్యం చాలు.

కాపీలను పోల్చడానికి తమరు కట్టే హ్యాష్‌ల చెట్టు, మెర్కిల్ ట్రీలో ఒక్క వరుస తేడాకు అది పడ్డ ఆకు కింద ఉన్నదంతా మోసుకుపోయి డిస్కులు నింపిన సంగతి ఎత్తను. గడియారం ముందుకు పరిగెత్తిన నోడ్ రాసిన పాత విలువనే కొత్తదని నమ్మే అమాయకత్వాన్నీ వదిలేస్తున్నాను.

ఇది మాత్రం వదలను. నువ్వు తేడా చూస్తావు, కారణం చూడవు. మూడు కాపీలూ ఒకే మాట చెబితే చాలు, అది అబద్ధమైనా నీకు సమ్మతమే. నిన్నటిదాకా రెండు నోడ్లయినా నిజం చెప్పేవి. వాటినీ చెడగొట్టావు!

ఆయన ఖాతాను మూడు నోడ్లూ లేచి ఉన్నప్పుడు మళ్లీ తీసేశాను. ఇంకెంతమందిని లేపావు? ఫలానా రేంజ్‌లో (వరుసల గుంపులో) తేడా ఉంది అని రాస్తావే తప్ప పేర్లు రాయవు. డిలీట్ చేసినవాటి పాత చిట్టాలు ముందేసుకుని ఒక్కొక్కటే పోల్చుకుంటున్నాను. ఇదయ్యేదాకా కదలకు. కదలకుండా ఎలా ఉండాలో నీకు నేను నేర్పనక్కర్లేదు.

ఇట్లు,
రాత్రి డ్యూటీలో ఉన్నవాడు