సవరణ: కోళ్లు పొడిచేది రంగు చూసి కాదు

"నల్లకోళ్లలో తెల్లకోడిని వదిలితే రంగు గిట్టక పొడుస్తాయి, మనుషుల్లోనూ వివక్ష అలాగే సహజం" అని ముందటి పోస్టులో ఉంది. రెండు మాటలూ తప్పే.

పిల్లలప్పటి నుంచి కలిసి పెరిగిన నల్ల, తెల్ల, ఎర్ర కోళ్లు ఒకే గంప కింద కుదురుగా ఉంటాయి. గొడవ ఎక్కువగా ముక్కూమొహం తెలియని కోడితోనే. పాత కోడికే మెడ మీద రంగు పూసినా పోల్చుకోలేక పొడవొచ్చు.

కొత్తదాన్ని కనీసం రెండు వారాలు దూరంగా ఉంచి జబ్బేమీ లేదని చూసుకోండి. తర్వాత ఓ వారం వల అడ్డుపెట్టి పక్కపక్కనే ఉంచండి. కలిపేటప్పుడు ఒంటరిగా కాక జతగా, చీకటిపడ్డాక కలపండి. మేత, నీళ్లు రెండేసి చోట్ల పెట్టాలి, లేకపోతే పాతవి కాపలా కాసి తిననివ్వవు. నెత్తురు కనబడితే మాత్రం ఆ కోడిని వెంటనే తీసేయండి. నెత్తురు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడిచి చంపేయొచ్చు.

ఇక మనుషులు. బొల్లి ఉన్నవారిని దూరం పెట్టడానికి ఈ ఉదాహరణ వాడటం అన్యాయం. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినడం వల్ల వచ్చేదది. తాకినా, ఒకే కంచంలో తిన్నా అంటదు. పోస్టులోంచి "సహజం" అన్న వాక్యం తీసేశాం.