105 శాతం నీటి పొదుపు

మన బడుల్లో చదువు కుంటుపడడానికి అసలు కారణం సమాచారమేనని నాకు చాలాకాలంగా అనుమానం. సమాచారాన్ని సేకరించాలి, సరిచూడాలి, అది చాలదన్నట్టు అర్థం కూడా చేసుకోవాలి. పసివాళ్లకు ఇంత ప్రయాస ఎందుకని జాలిపడే కాబోలు, 2013లో ఆస్ట్రేలియా వారు కాన్వా అనే, బొమ్మల కాగితాలను తెరమీదే తయారుచేసుకునే సాధనాన్ని లోకానికి ప్రసాదించారు. బడి పంతుళ్లకూ పిల్లలకూ దానిలో ఒక ఉచిత విభాగాన్ని కూడా కేటాయించడంతో, చార్టు పేపరూ స్కెచ్ పెన్నులూ ఏలిన పీఠం మీద ఇప్పుడు సమాచారాన్ని బొమ్మలతో, అంకెలతో చూపే ఇన్ఫోగ్రాఫిక్ కొలువుతీరింది.

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ‘నీటి పొదుపు’ మీద ఇన్ఫోగ్రాఫిక్ చేసి మర్నాడు ఉదయమే తేవాలని ఒకనాటి సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఆజ్ఞ వెలువడింది. ఇటువంటి పనులు పిల్లలకు ఇస్తారు గానీ చేసేది తల్లిదండ్రులేనన్నది ఉభయపక్షాలూ పైకి చెప్పుకోని ఒప్పందం కాబట్టి, భోజనాలయ్యాక అమ్మాయిని పడుకోబెట్టి నేను రంగంలోకి దిగాను. నేను ఎంచుకున్న టెంప్లేటులో, అంటే కాన్వా ముందే గీసి ఉంచిన నమూనాలో, మంచుకొండలు, దేవదారు చెట్లు, ఉన్నిటోపీ పెట్టుకున్న ఒక బాలుడు ఉన్నారు. వేసవి వస్తే బిందెలు బారులు తీరే మా వీధికి కాస్త చల్లదనం తగులుతుందని వారినెవరినీ కదిలించలేదు. నాకు ఉపాధ్యాయుల ఖాతా లేదు గనుక, డబ్బు కట్టాలని చెప్పే కిరీటం గుర్తున్న నీటిచుక్క బొమ్మ మీద అడ్డంగా వాటర్‌మార్క్ పడింది. ఆ కాగితం మొత్తానికి నీటికి సంబంధించిన వాస్తవం అదొక్కటే.

నడిమధ్యన నాలుగు ముక్కలుగా కోసిన వృత్తం ఒకటి ఉంది. 40, 25, 20, 15 అని అంకెలు కూడా ముందే వేసి ఉన్నాయి. వాటికి స్నానం, వంట, బట్టలు, గిన్నెలు అని పేర్లు పెట్టాను. మొక్కలను మరిచానని గుర్తొచ్చి, పక్కన చిన్న ఆకుపచ్చ ముక్కను అతికించి 5 శాతం వేశాను. మొత్తం 105 అయింది. వృత్తం కిక్కురుమనలేదు. ఈ లెక్కలు ఎక్కడివని ఎవరైనా అడిగితే టెంప్లేటుతో పాటు వచ్చాయని చెబుదామనుకున్నాను గానీ, అడిగినవారు లేరు.

ఈ విద్యలో పూర్వీకులు ఎంత వెనకబడి ఉన్నారో తలచుకుంటే జాలి కలుగుతుంది. 1786లో విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు ఇంజనీరు ఇంగ్లండు ఎగుమతులనూ దిగుమతులనూ గీతలుగా మార్చడానికి ముందు ఆ లెక్కలన్నీ పోగుచేసుకున్నాడు. క్రిమియా యుద్ధంలో సైనికులను గాయాలకంటే నివారించదగిన రోగాలే ఎక్కువగా పొట్టన పెట్టుకున్నాయని చూపడానికి ఫ్లోరెన్స్ నైటింగేల్ నెలనెలా మరణాలను లెక్కగట్టి, పూలరేకుల్లాంటి ఆ బొమ్మను 1858లో అచ్చువేయించింది. ముందు లెక్క, తరువాత బొమ్మ అనే తలకిందుల పద్ధతి వల్ల ఆ మహాతల్లికి ఎంత కాలం వృథా అయిందో! మంచి టెంప్లేటు ఒకటి దొరికి ఉంటే రాత్రి పదింటికల్లా ముగించి పడుకునేది. సైనికులు ఏమయ్యేవారన్నది వేరే సంగతి.

తెల్లవారి జిరాక్స్ షాపులో ఫైలు తెరవగానే ఒత్తులు తిరుగుబాటు చేశాయి. శతాబ్దాలుగా అక్షరం కింద అణగి ఉన్నది చాలనుకున్నాయో ఏమో, పక్కకు వచ్చి నిలబడి ‘భూగర్భ జలం’ కాస్తా ‘భూగర్ భ జలం’ అయింది. షాపు కుర్రవాడు “రంగులు బాగున్నాయి సార్, ఎవరు చదువుతారు?” అని ధైర్యం చెప్పాడు. విద్యాశాఖ సలహాదారుగా వేయదగిన మనిషి.

ఇంతలో మరో పొరపాటు బయటపడింది. అడుగున ‘లోరెమ్ ఇప్సమ్’ అంటూ మొదలయ్యే నాలుగు పంక్తులను నేను మార్చనే లేదు. క్రీస్తుపూర్వం 45లో రోమన్ వక్త సిసిరో సుఖదుఃఖాల గురించి లాటిన్‌లో రాసిన మాటలను చెల్లాచెదురు చేసి, ఖాళీ నింపడానికి అచ్చుపనిలో వాడుకునే పాఠం అది. నోటీసు బోర్డుకు ఎక్కాక అందరి మెప్పూ పొందింది ఆ పంక్తులే; ఇంగ్లీషు ఉన్నతస్థాయిలో ఉందని తోటి తల్లిదండ్రులొకరు నన్ను ప్రత్యేకంగా అభినందించారు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆజ్ఞ వచ్చిన సాయంత్రమే మా అమ్మాయి నాకు చెప్పకుండా వీధిలో పది ఇళ్లకు వెళ్లి, రోజుకు ఎన్ని బిందెలు పడతారో అడిగి వచ్చింది. లెక్కల పుస్తకంలో నేర్పిన పటచిత్రం పద్ధతిలో, ఒక్కో బొమ్మకు అయిదు బిందెల చొప్పున, నోటుపుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో గీసుకుంది. వీధి చివరి ఇంటికి మూడు బిందెలే కావడంతో అక్కడ బొమ్మను సగానికి కొంచెం పైదాకా మాత్రమే నింపి, ‘వీళ్ల కుళాయికి నీళ్లు సరిగ్గా రావు’ అని పక్కన రాసింది.

టీచరుగారు రెండూ చూశారు. మంచుకొండలకు అయిదుకు అయిదు మార్కులు వేశారు. నోటుపుస్తకం పేజీ మీద ఎర్రసిరాతో ‘రఫ్ వర్క్’ అని రాసి సంతకం పెట్టారు.